ఒకే గొంతు, నలుగురు యజమానులు: సినాట్రా పాటలన్నీ ఒక్క పెట్టెలో చేరడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది

ఫ్రాంక్ సినాట్రా పాడిన ‘నైట్ అండ్ డే’ వినాలని ఉందని ఎవరైనా అంటే, ఏ ‘నైట్ అండ్ డే’ అని అడగక తప్పదు. 1942 జనవరిలో, ఇంకా టామీ డార్సీ బ్యాండులో జీతానికి పాడుతున్న 26 ఏళ్ల యువకుడు సొంత పేరుతో తొలిసారి రికార్డు చేసిన నాలుగు పాటల్లో అది ఒకటి. అందులో గొంతు పలుచగా, తీయగా, కాస్త బెరుకుగా ఉంటుంది. 1956 నవంబరులో నెల్సన్ రిడిల్ కూర్చిన వాద్యాలతో అదే పాట పాడినప్పుడు ఆ బెరుకు మాయమై, తాళం మీద నిశ్చింతగా నడుస్తూ ముందుకు సాగే మనిషి వినిపిస్తాడు. 1961 నవంబరులో డాన్ కోస్టా తీగవాద్యాల మధ్య ఆయన దాన్ని మళ్లీ నెమ్మదిగా, విశాలంగా పాడాడు. 1977లో, అరవై దాటిన వయసులో, అప్పటి ఫ్యాషన్ ప్రకారం డిస్కో దరువు మీద ఇంకోసారి పాడాడు. రాసినవాడు ఒక్కడే, పాడినవాడు ఒక్కడే, అయినా స్టూడియో రికార్డింగులు మాత్రం కనీసం ఐదు. వాటిలో 1942 నాటిది ఆర్‌సీఏ విక్టర్ అనే రికార్డు కంపెనీది, 1947లో పాడినది కొలంబియాది, 1956 నాటిది క్యాపిటల్‌ది, చివరి రెండూ రిప్రైజ్‌వి.

ఒక గాయకుడి జీవితకాలపు పాటలన్నిటినీ ఒక సంకలనంలో పెట్టామని అట్టమీద అచ్చువేసి అమ్ముతున్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. ఏ పాటలు ఉన్నాయన్నది రెండో ప్రశ్న. ఆ పాటల ఏ రికార్డింగులు ఉన్నాయి, అవి ఎవరి బీరువాలోంచి వచ్చాయి అన్నది మొదటి ప్రశ్న. సినాట్రా విషయంలో ఈ ప్రశ్న ఎంత బలమైనదంటే, 1939లో మొదలైన ఆయన రికార్డింగు జీవితాన్ని మొదటినుంచి చివరిదాకా అసలు రికార్డింగులతోనే వినిపించే అధికారిక సంకలనం ‘అల్టిమేట్ సినాట్రా’ పేరుతో 2015లో, అంటే ఆయన శతజయంతి సంవత్సరంలో, చనిపోయిన 17 ఏళ్లకు గానీ రాలేదు. అంత ప్రసిద్ధుడికి అంత ఆలస్యం జరగడానికి కారణం సంగీతంలో లేదు, యాజమాన్యంలో ఉంది.

సినిమా పాటకు అలవాటుపడిన మన చెవికి ఈ వ్యవహారం మొదట వింతగా తోస్తుంది. మన దగ్గర పాట ఒక సినిమా కోసం, ఒక సన్నివేశం కోసం, చాలావరకు ఒకే గొంతు కోసం పుడుతుంది. ఆ రికార్డింగే ఆ పాట. అమెరికాలో 1920ల నుంచి 1940ల దాకా నాటకశాలల కోసం, సినిమాల కోసం రాసిన పాటలు మాత్రం పుట్టిన చోటు వదిలి బయటికొచ్చి అందరి సొత్తూ అయిపోయాయి. వాటిని ‘స్టాండర్డులు’ అంటారు. దీనికి దగ్గరి పోలిక కచేరీ సంప్రదాయంలో దొరుకుతుంది. ఒక త్యాగరాజ కీర్తనను వందమంది విద్వాంసులు పాడినా, ఒకే విద్వాంసుడు ఇరవై ఏళ్ల తేడాతో రెండుసార్లు పాడినా, ప్రతిసారీ అది కొత్త అనుభవమే కదా. సినాట్రా తన స్టాండర్డులతో చేసింది అదే. అందువల్ల ఆయన సంకలనంలో పాట పేరు చూసి ఏదీ తేల్చలేం.

ఆ నలుగురు యజమానుల సంగతి చూద్దాం. న్యూజెర్సీలోని హొబోకెన్‌లో 1915 డిసెంబరు 12న పుట్టిన సినాట్రాకు 1939లో ట్రంపెట్ వాయిద్యకారుడు హ్యారీ జేమ్స్ బ్యాండులో అవకాశం దొరికింది. ఆ ఏడాది ఆగస్టు 31న పాడిన ‘ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్’ మొదట విడుదలైనప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1940 నుంచి డార్సీ బ్యాండులో, ఆర్‌సీఏ విక్టర్ కోసం ఆయన పాడాడు. ఆ ఏడాది ‘ఐల్ నెవర్ స్మైల్ అగైన్’ బిల్‌బోర్డు పత్రిక తొలిసారి ప్రచురించిన అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లలో డార్సీ ట్రాంబోన్ (పొడవైన ఇత్తడి ఊదు వాద్యం) వాయించే తీరును దగ్గరగా గమనించడం వల్లే పొడవైన వాక్యాన్ని మధ్యలో ఊపిరి తెంచకుండా పాడటం అబ్బిందని ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. 1942లో డార్సీని వదిలి, 1943 జూన్‌లో కొలంబియా సంస్థలో చేరాడు.

అప్పుడు ఒక విచిత్రం జరిగింది. రికార్డు కంపెనీలతో తగాదా వల్ల అమెరికా వాద్యకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులకు వాయించడం మానేసింది. కొలంబియా, విక్టర్ సంస్థలు 1944 నవంబరు దాకా రాజీపడలేదు. కొలంబియా తన చేతికి చిక్కిన కొత్త తారను ఖాళీగా కూర్చోబెట్టలేక, వాద్యాలే లేకుండా బృందగానం తోడుగా 1943లో కొన్ని పాటలు పాడించింది. ఆ రికార్డింగుల్లో వాద్యాలు పలకవలసిన చోట మనుషుల గొంతులు హమ్ చేస్తుంటే ఇప్పుడు వినేవాళ్లకు అది ఒక ప్రయోగంలా అనిపిస్తుంది గానీ, నిజానికి అది సమ్మె మిగిల్చిన ముద్ర. అదే సమయంలో కంపెనీ తన గోదాము వెతికి 1939 నాటి ‘ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్’ను సినాట్రా పేరు ప్రముఖంగా వేసి మళ్లీ విడుదల చేసింది. నాలుగేళ్ల కిందట నిశ్శబ్దంగా పోయిన ఆ రికార్డు ఈసారి దేశమంతా మోగింది. ‘అల్టిమేట్ సినాట్రా’ మొదలయ్యేది ఈ పాటతోనే. దాని ఎదురుగా 1939 అని రాసినా, జనం దాన్ని నిజంగా విన్నది 1943లో అని తెలిసి వింటే ఆ గొంతులోని లేతదనానికి అర్థం మారుతుంది.

కొలంబియాలో గడిచిన తొమ్మిదేళ్లలో ఎక్కువభాగం అరేంజర్ (పాటకు వాద్యాలు కూర్చేవాడు) ఏక్సెల్ స్టోర్డాల్ నీడలో సాగింది: మెత్తని తీగవాద్యాలు, నెమ్మది నడక, చెవిలో చెప్పినట్టుండే గొంతు. 1950లో న్యూయార్క్ కోపకబానా క్లబ్బులో పాడుతుండగా గొంతులో రక్తస్రావమై మాట పెగలలేదు. అమ్మకాలు పడిపోయాయి. 1952 సెప్టెంబరులో కొలంబియాకు చివరి పాట పాడి బయటికి నడిచిన మనిషి పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1953 మార్చిలో క్యాపిటల్ చేరదీసింది. ఏప్రిల్ 30న నెల్సన్ రిడిల్‌తో తొలిసారి కలిసి ‘ఐవ్ గాట్ ద వరల్డ్ ఆన్ ఎ స్ట్రింగ్’ పాడిన క్షణం నుంచి సినాట్రా అంటే ఇవాళ మనం ఊహించుకునే సినాట్రా మొదలయ్యాడు. 1960లో తన సొంత కంపెనీ రిప్రైజ్ పెట్టుకున్నాడు. ఆ డిసెంబరులోనే అక్కడ పాడటం మొదలుపెట్టినా, క్యాపిటల్‌కు బాకీ ఉన్న ఆల్బములు పూర్తిచేయడానికి 1961 సెప్టెంబరు దాకా అటూ ఇటూ తిరిగాడు. ఆ చివరి క్యాపిటల్ ఆల్బముకు మళ్లీ స్టోర్డాల్‌నే పిలిచాడు.

ఒక్క ఏడాదిలో రెండు కంపెనీలకు పాడటం ఎంత గొడవకు దారితీసిందో చూడండి. 1961లో రిప్రైజ్ నుంచి వచ్చిన ‘స్వింగ్ అలాంగ్ విత్ మీ’ పేరు తమ ‘కమ్ స్వింగ్ విత్ మీ’కి మరీ దగ్గరగా ఉందని క్యాపిటల్ కోర్టుకెక్కింది. రెండింటికీ అరేంజర్ బిల్లీ మేనే. కోర్టు మాట క్యాపిటల్ వైపు మొగ్గడంతో రిప్రైజ్ ఆల్బము పేరును ‘సినాట్రా స్వింగ్స్’గా మార్చవలసి వచ్చింది. గొంతు తనదే అయినా, ఆ గొంతు ముద్రపడిన టేపు తనది కాదన్న పాఠం ఆయనకు అప్పటికే బాగా వంటబట్టి ఉంటుంది.

అందుకే, సంకలనాల కథలో అందరికన్నా ముందు సినాట్రాయే ఒక దారి వెతికాడు. తన పాత పాటలు మూడు కంపెనీల దగ్గర ఉండిపోయాయి. అవి తెచ్చుకోవడం కుదరదు. కాబట్టి మళ్లీ పాడాడు. 1963లో ‘సినాట్రాస్ సినాట్రా’ పేరుతో తన ప్రసిద్ధమైన పాటల్ని రిడిల్‌తోనే రిప్రైజ్ కోసం కొత్తగా రికార్డు చేశాడు. 1965లో యాభయ్యో పుట్టినరోజు వేళ ‘ఎ మ్యాన్ అండ్ హిజ్ మ్యూజిక్’ అనే రెండు ఎల్పీల ఆల్బమును తెచ్చి, తన కథను తనే చెబుతూ, హ్యారీ జేమ్స్ రోజుల నుంచి అప్పటిదాకా తన పాటల్ని వరసగా వినిపించాడు. అది 1967లో ఆ ఏటి ఉత్తమ ఆల్బముగా గ్రామీ అందుకుంది. మనం వెతుకుతున్న జీవితకాలపు సంకలనానికి తొలిరూపం అదే. కానీ అందులో 1940 నాటి పాటను పాడుతున్నది యాభై ఏళ్ల మనిషి. కుర్రతనం గురించి పెద్దవాడు చెప్పే కథలా అది హాయిగానే ఉంటుంది, అయితే ఆ కుర్రవాడు మాత్రం అందులో లేడు. టేలర్ స్విఫ్ట్ 2021 నుంచి తన పాత ఆల్బముల్ని మళ్లీ పాడి విడుదల చేస్తుంటే కొత్త ఆలోచన అని చాలామంది మెచ్చుకున్నారు. యాజమాన్యం చిక్కును గొంతుతోనే విప్పుకునే ఆ మార్గంలో సినాట్రా అరవై ఏళ్ల కిందటే నడిచాడు.

ఇక్కడ రెండు హక్కుల్ని విడదీసి చూడాలి. పాట ఒక ఆస్తి. అది రాసినవారిది, వారి ప్రచురణకర్తలది. దాన్ని ఒక గొంతు ఒక రాత్రి ఒక స్టూడియోలో పాడినప్పుడు పుట్టిన రికార్డింగు మరో ఆస్తి. అది సాధారణంగా ఖర్చు పెట్టిన కంపెనీది. ‘నైట్ అండ్ డే’ను మళ్లీ పాడటానికి సినాట్రాకు క్యాపిటల్ అనుమతి అక్కరలేదు. ఒప్పందం ప్రకారం మళ్లీ పాడకూడని గడువు తీరి, పాట రాసిన కోల్ పోర్టర్ ప్రచురణకర్తకు చెల్లించవలసింది చెల్లిస్తే చాలు. కానీ 1956 నాటి ఆ రికార్డింగును తన ఆల్బములో పెట్టుకోవాలంటే మాత్రం క్యాపిటల్ ఒప్పుకోవాలి. సంకలనాల్లో కనిపించే సగం వింతలకు మూలం ఈ తేడాలోనే ఉంది.

ఆయన జీవించి ఉన్నంతకాలం, ఆ తర్వాత కూడా చాలాకాలం, ప్రతి కంపెనీ తన వాటాను తానే పెట్టెలో పెట్టి అమ్ముకుంది. 1990లో క్యాపిటల్ మూడు సీడీలతో ‘ద క్యాపిటల్ ఇయర్స్’ తెచ్చింది. అదే ఏడాది రిప్రైజ్ నాలుగు సీడీలతో తన సంకలనం తెచ్చింది. 1993లో కొలంబియా తన తొమ్మిదేళ్ల రికార్డింగులన్నీ 12 సీడీల్లోకి చేర్చింది. 1994లో ఆర్‌సీఏ డార్సీ రోజుల పాటల్ని ఐదు సీడీల్లో ఇచ్చింది. 1995లో రిప్రైజ్ తన మొత్తాన్ని 20 సీడీలుగా చేసి, ప్రయాణపు ట్రంకు పెట్టెలాంటి పెట్టెలో పెట్టి అమ్మింది. 2008లో వచ్చిన ‘నథింగ్ బట్ ద బెస్ట్’ పేరు చూస్తే అత్యుత్తమమైనవన్నీ అందులోనే ఉన్నాయనిపిస్తుంది. కానీ అది రిప్రైజ్ రికార్డింగులకే పరిమితం. దాన్ని మాత్రమే కొని సినాట్రాను విన్నానని అనుకున్న శ్రోతకు ఆయన గొంతు అత్యంత శిఖరానికి చేరిన 1953–61 కాలం అందనే లేదు. ఇందులో మోసం లేదు. కంపెనీ తన దగ్గరున్నదే ఇచ్చింది. కానీ ఆ సంగతి అట్ట ముందువైపు కనిపించదు, వెనకవైపు చిన్నక్షరాల్లో వెతుక్కోవాలి.

ఈ గోడలు ఎలా కూలాయో చెప్పడం తేలిక, ఎందుకంటే అది సంగీతప్రియుల విజయం కాదు, కంపెనీల కొనుగోళ్ల ఫలితం. 2004లో సోనీ, బీఎంజీ సంస్థల సంగీత విభాగాలు కలిశాయి. దాంతో కొలంబియా బీరువా, ఆర్‌సీఏ బీరువా ఒకే ఇంట్లోకి వచ్చి, 1939 నుంచి 1952 దాకా పాటల్లోంచి ఎంచినవి కలిపి 2007లో ‘ఎ వాయిస్ ఇన్ టైమ్’ వచ్చింది. 2012లో యూనివర్సల్ సంస్థ, క్యాపిటల్ సొంతదారైన ఈఎంఐని కొనడంతో క్యాపిటల్ టేపులు దాని చేతికొచ్చాయి. రిప్రైజ్ రికార్డింగుల వ్యవహారం చూసే సినాట్రా కుటుంబానికి వాటా ఉన్న సంస్థతో యూనివర్సల్ 2013లో ఒప్పందం చేసుకుంది. అలా నలుగురు యజమానులు ఇద్దరయ్యారు. ఇక మిగిలింది ఆ ఇద్దరి మధ్య అనుమతే. ‘అల్టిమేట్ సినాట్రా’ అలా సాధ్యమైంది: పెద్ద పెట్టెలో నాలుగు సీడీలు, 101 రికార్డింగులు, చిన్నదైతే ఒకే సీడీ, 25 పాటలు.

ఒకే సీడీ రూపాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. అరవై ఏళ్లకు దగ్గరపడిన గాన జీవితాన్ని 25 పాటలకు కుదించినప్పుడు మొదట నలిగిపోయేది 1940లే. అందరికీ ముందే తెలిసిన క్యాపిటల్, రిప్రైజ్ పాటలకు చోటు కావాలి కాబట్టి, ఆయనను అసలు తారను చేసిన దశాబ్దం ఒక మూలకు పోతుంది. నాలుగు సీడీల పెట్టెను మొదటినుంచి వరసగా వింటే మాత్రం ఏ జీవిత చరిత్రా చెప్పలేనిది చెవికే తెలిసిపోతుంది. గొంతు కిందికి దిగుతుంది, రంగు ముదురుతుంది, పదాల చివర్లు కొరుక్కుపోతాయి. 1940ల్లో ఆయన రాగాన్ని పాడతాడు; 1950ల్లో మాటను పాడతాడు; 1979లో ‘న్యూయార్క్, న్యూయార్క్’ దగ్గరికి వచ్చేసరికి గొంతులో గరుకు తప్ప దాదాపు ఏమీ మిగలకపోయినా, ఏ మాటను తాళానికి ముందు వేయాలో, దేన్ని ఆలస్యంగా జారవిడవాలో తెలిసిన తెలివి మాత్రం అలాగే ఉంటుంది.

ఆ తెలివి జాజ్ నుంచి వచ్చింది. సినాట్రా జాజ్ గాయకుడా, పాప్ గాయకుడా అన్న వాదం ఎప్పటినుంచో ఉంది. ఆయన అప్పటికప్పుడు రాగాన్ని కల్పించి అల్లుకుపోయే గాయకుడు కాదు. కానీ తన మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపింది జాజ్ గాయని బిల్లీ హాలిడే అని 1958లో ఆయనే చెప్పాడు. మాటను తాళం వెనక్కి లాగి పట్టుకుని, శ్రోత ఇక పడిపోతుందేమో అనుకునేలోగా అందుకునే పద్ధతిలో ఆ ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది. కౌంట్ బేసీ జాజ్ బ్యాండుతో ఆయన చేసిన ఆల్బములు వింటే ఈ ప్రశ్న దానంతటదే వెనక్కి పోతుంది.

ఒక రికార్డింగును దగ్గరగా చూద్దాం. 1956 జనవరి 12 రాత్రి హాలీవుడ్‌లోని కేహెచ్‌జే స్టూడియోలో పాడిన ‘ఐవ్ గాట్ యూ అండర్ మై స్కిన్’. ‘సాంగ్స్ ఫర్ స్వింగిన్ లవర్స్’ ఆల్బముకు ఆఖరి నిమిషంలో ఇంకా పాటలు కావాలన్నారు, నెల్సన్ రిడిల్ హడావిడిగా కూర్చాడు. పాట మెల్లగా మొదలవుతుంది. చిన్న గంటల్లా పలికే సెలెస్టా చుక్కలు పెట్టినట్టు మోగుతుంటే, గొంతు ఏ శ్రమా లేకుండా మొదటి చరణాలు దాటుతుంది. తర్వాత గొంతు పక్కకు తప్పుకుంటుంది. కింద బాస్ ట్రాంబోన్ ఒకే పలుకును మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉంటుంది; దానిమీద ఒక్కొక్క ట్రాంబోన్ వచ్చి చేరుతుంది; తీగవాద్యాలు పైకి లేస్తాయి; గది నిండిపోయి ఇక పట్టదు అనిపించిన చోట మిల్ట్ బెర్న్‌హార్ట్ ట్రాంబోన్ విరుచుకుపడుతుంది. మైకు ఎత్తుకు అందడానికి బెర్న్‌హార్ట్ కోసం సినాట్రాయే స్వయంగా ఒక పెట్టె వెతికి తెచ్చి, దానిమీద నిలబెట్టాడని ఆ వాద్యకారుడే తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ రాత్రి ఈ ఒక్క పాటకు 22 టేకులు పట్టాయి. ఆ ట్రాంబోన్ విస్ఫోటం తర్వాత గొంతు మళ్లీ వచ్చినప్పుడు అది మొదట్లోని గొంతు కాదు. మనసులో దాచుకున్నది బయటపడ్డాక మాట్లాడే మనిషి గొంతు అది.

అదే కూర్పును 1963లో రిప్రైజ్ కోసం మళ్లీ పాడినప్పుడు రికార్డింగు మరింత శుభ్రంగా, స్టీరియోలో వచ్చింది. ట్రాంబోన్ ఈసారి డిక్ నాష్ వాయించాడు, ఆయనా గొప్పవాడే. అయినా ఆ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. రెండోది పండితుడు ఒప్పజెప్పినట్టు తప్పులేకుండా ఉంటుంది. మొదటిదానిలోలా ఏం జరగబోతోందో తెలియని ఉద్విగ్నత అందులో లేదు. 1966లో లాస్ వేగాస్‌లోని శాండ్స్ హోటల్‌లో బేసీ బ్యాండుతో జనం ముందు పాడిన రూపం మూడోది. అందులో మళ్లీ ప్రాణం లేచివచ్చింది. 1993 నాటి ‘డ్యుయెట్స్’ ఆల్బములో ఐర్లండ్ గాయకుడు బోనో గొంతును విడిగా రికార్డు చేసి కలిపిన రూపం నాలుగోది. రిప్రైజ్ కాలానికే పరిమితమైన సంకలనం కొన్న శ్రోతకు ఆ రాత్రి మైకు ముందు నిలబడ్డ బెర్న్‌హార్ట్ ఎప్పటికీ దొరకడు. పాట పేరు అదే, గాయకుడి పేరు అదే, నిడివి కూడా దాదాపు అంతే.

ధ్వని విషయంలో కూడా సంకలనకర్తకు చిక్కులు తక్కువ కాదు. 1940ల పాటలు మూడు నిమిషాలకు మించి పట్టని నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుల కోసం పాడినవి. కొలంబియా మాత్రం ముందు 16 అంగుళాల లక్క పళ్లెం మీద చెక్కి, దాన్నుంచి అమ్మకపు రికార్డులు తీసేది. ఆ పళ్లేలు భద్రంగా మిగలడం వల్లనే అప్పటి సినాట్రా గొంతు ఇవాళ మనకు గరగరల కిందనుంచి ఇంత స్పష్టంగా వినిపిస్తోంది. 1956లో క్యాపిటల్ టవర్ కట్టాక, భూమికి 30 అడుగుల లోతున కాంక్రీటు గదుల్లో పుట్టించిన ప్రతిధ్వని ఆ గొంతు చుట్టూ అలముకుంది. లక్క పళ్లెం మీద గీసిన 1945 పాట పక్కన టేపు మీద స్టీరియోలో తీసిన 1962 పాట పెట్టి, శ్రోత ప్రతి పాటకూ శబ్దం పెంచుతూ తగ్గిస్తూ కూర్చోకుండా సమం చేయాలి. అలాగని అన్నీ ఒకే గదిలో పాడినట్టు నునుపు చేస్తే కాలమే చెరిగిపోతుంది. ఈ పని బాగా చేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు, చెడగొట్టినవాడి పని మాత్రం మొదటి పాటలోనే తెలిసిపోతుంది.

ఇంతకన్నా లోతైన నష్టం ఒకటుంది. 1946లో ‘ద వాయిస్ ఆఫ్ ఫ్రాంక్ సినాట్రా’ నాలుగు రికార్డులు, ఎనిమిది పాటలతో ఒకే మనఃస్థితిని పట్టుకున్నప్పటి నుంచి ఆయన ఆల్బమును ఒక కథలా కట్టాడు. 1955 నాటి ‘ఇన్ ద వీ స్మాల్ అవర్స్’లో 16 పాటలూ తెల్లవారుజామున నిద్రపట్టని ఒంటరితనం గురించే, 1958 నాటి ‘ఓన్లీ ద లోన్లీ’ మొత్తం ఒక్క విషాదమే. వాటినుంచి ఒక పాట తీసి, బిల్లీ మే ట్రంపెట్లు దద్దరిల్లే పాట పక్కన పెట్టినప్పుడు, నవలలోంచి ఒక పేజీ చించి వారపత్రికలో అతికించినట్టవుతుంది. ఆ పేజీ అందంగానే ఉంటుంది. కానీ దానికి ముందు జరిగిందేమిటో, తర్వాత రాబోయేదేమిటో తెలిసినప్పటి బరువు ఉండదు.

ఇప్పుడు పాటలు వినే యాప్‌లలో సినాట్రా అని వెతికితే ఈ అధికారిక సంకలనాలకంటే ఎక్కువగా, పేరూ ఊరూ తెలియని సంస్థల ‘బెస్ట్ ఆఫ్’లు కుప్పలుగా కనిపిస్తాయి. ఇది చట్టాల తేడా వల్ల వచ్చిన పరిస్థితి. ఐరోపాలో రికార్డింగు హక్కు ఒకప్పుడు విడుదలైన నాటినుంచి 50 ఏళ్లు. దాన్ని 2013లో 70 ఏళ్లకు పెంచారు గానీ అప్పటికే గడువు తీరినవాటికి అది వర్తించలేదు. కాబట్టి 1962 చివరిలోగా విడుదలైన రికార్డింగులు అక్కడ ఎవరైనా అమ్ముకోవచ్చు. అంటే కొలంబియా కాలమంతా, దాదాపు క్యాపిటల్ కాలమంతా. అమెరికాలో మాత్రం 2018 నాటి చట్టం ప్రకారం 1947–56 మధ్య విడుదలైన రికార్డింగులకు 110 ఏళ్ల రక్షణ ఉంది. ఆ 1956 జనవరి రాత్రి రికార్డింగు అక్కడ 2066 చివరిదాకా యజమాని చేతిలోనే ఉంటుంది. ఒకచోట ఎవరిదీ కాని టేపు ఇంకోచోట ఇంకా నలభై ఏళ్లు ఒకరి ఆస్తి. భారత చట్టంలో రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాట రాసినవారి హక్కు వేరు, అది వారి మరణం తర్వాత 60 ఏళ్లదాకా ఉంటుంది. ఆ కుప్పల సంకలనాల్లో చాలావరకు మూల టేపుల నుంచి తీసినవి కావు. పాత ఎల్పీ నుంచో, వేరొకరి సీడీ నుంచో ఎత్తినవి. గొంతు చుట్టూ గాలి ఉండదు. 1956 అని ఉన్నచోట ఏ రూపం ఉందో కూడా కొన్నిసార్లు తెలియదు. ఆసక్తితో మొదటిసారి వినేవాళ్లు వీటితో మొదలుపెట్టి, ఇంతేనా సినాట్రా అనుకుని వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అయితే సంకలనాల మీద ఇన్ని ఫిర్యాదులు చేసినా, వాటికి నేను రుణపడి ఉన్న సందర్భం ఒకటి చెప్పాలి. ‘వన్ ఫర్ మై బేబీ’ని సినాట్రా 1947లో కొలంబియాకు పాడాడు. అప్పటికి ఆయనకు ఆ పాటలోని తాగుబోతు మనిషి బాగా పరిచయం కాలేదనిపిస్తుంది. అందంగా పాడి ఊరుకున్నాడు. 1958 జూన్ 25న ‘ఓన్లీ ద లోన్లీ’ కోసం మళ్లీ పాడినప్పుడు ఆ మనిషి ఆయనే. బార్ మూసే వేళ, పియానో దగ్గర బిల్ మిల్లర్, వెనక ఎక్కడో సన్నగా తీగవాద్యాలు. అందరూ ఎరిగిన రూపం అది. కానీ దానికి ముందురోజు, జూన్ 24న, వాద్యబృందం లేకుండా ఆ గొంతూ ఆ పియానో మాత్రమే ఒక పరీక్షా టేకు చేశాయి. అది ఆ ఆల్బములోకి వెళ్లలేదు. టేపు మీదే ఉండిపోయి, 32 ఏళ్ల తర్వాత 1990లో ‘ద క్యాపిటల్ ఇయర్స్’ సంకలనంలో మొదటిసారి బయటికొచ్చింది. రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే మిల్లర్ పియానో మెట్ల మధ్య గది నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది. సినాట్రా ఒక పదాన్ని సగం మాట్లాడి, సగం పాడి వదిలేస్తాడు. ఆ సగానికి పియానో జవాబు చెబుతుంది.